పిల్లి మెడలో గంట కట్టునదెవరు?

ఒక జాతి నశించుటకు యుద్ధమే రానక్కరలేదు. వేటగాని యీటెయు తుపాకిగుండును చేయజాలని పనిని కంటికి గానరాని జీవి యొకటి చడిచప్పుడు లేక చేయగలదు. వేటగాని చేతిని చట్టము పట్టుకొనగలదు. వాననీటితో గలిసి కాలువలో జారి సముద్రమున బడు రోగబీజమును ఏ చట్టము పట్టుకొనగలదు? శాంతమహాసముద్ర మధ్యమునందలి హవాయి ద్వీపములలో నేడు జరుగుచున్నది ఇదియే. అచ్చటి మాంకు సీలు అను సముద్రజంతువు ప్రపంచమున మరెచ్చటను లేదు. దాని సంఖ్య సుమారు 1,600. మన జిల్లాలలో ఒక గ్రామపు జనసంఖ్యయు అంత యుండవచ్చును. ఒక జాతి యంతయు ఒక గ్రామమంతగా మిగిలినప్పుడు, ఆ గ్రామములో నొక రోగము ప్రవేశించినదన్న వార్తను తేలికగ జూచుటకు వీలు లేదు.

ఇంటిముంగిట ఇన్ని చిక్కులుండగా సముద్రాంతరమునందలి సీలు సంగతి మనకెందులకని చదువరులలో కొందరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ఈ వ్యాసము చివర మనవిచేసెదము. ముందు ఆ జంతువెట్టిదో, దానికి వచ్చిన కష్టమెట్టిదో తెలిసికొందము.

హవాయి మూలవాసులు దీనిని తమ భాషలో కల్లోలజలములలో పరుగిడు కుక్క యను నర్థమిచ్చు పేరుతో పిలుతురు. పొడవు ఏడడుగులు, బరువు 180 మొదలు 270 కిలోల వరకు. మెడపై మడతలు పడిన చర్మమును, ఒంటరిగ దిరుగు స్వభావమును జూచి పాశ్చాత్యులు దీనికి సన్యాసియను పేరు పెట్టిరి. ఆడుసీలు ఈతకొక్క పిల్లనే కనును. కని, సుమారు ఆరు వారములు తాను ఆహారము ముట్టక ఇసుకమీద పడియుండి బిడ్డకు పాలిచ్చును. ఇట్టి జాతి త్వరితముగ పెరుగునది కాదు. పోయిన ప్రాణమునకు బదులు మరియొక ప్రాణము వచ్చుటకు ఏండ్లు పట్టును.

ఈ సన్యాసిసీళ్లకు లోకమున మూడు శాఖలుండెడివి. కరిబియను సముద్రపు శాఖ 1952 తరువాత ఎవరి కంటను బడలేదు. 2008లో అది నశించినదని అమెరికా ప్రభుత్వము ప్రకటించినది. మధ్యధరా సముద్రపు శాఖ వేయికి లోపుగ మిగిలియున్నది. మూడవది హవాయి శాఖ. పందొమ్మిదవ శతాబ్దిలో నూనెకొరకును తోలుకొరకును వేటగాండ్రు దీనిని ఊచకోత కోసిరి. 1976లో అమెరికా చట్టము దీనిని అంతరించిపోవు ప్రమాదము గల జంతువుల పట్టికలో జేర్చినది. అయినను బహుకాలము క్షీణతయే కొనసాగినది. 2013 ప్రాంతమునుండి మాత్రము సంఖ్య మెల్లమెల్లగ హెచ్చజొచ్చినది. ఉచ్చులలోను వలలలోను జిక్కిన వానిని విడిపించి, గాలములు తీసి, బక్కచిక్కిన పిల్లలను ఆసుపత్రికి జేర్చి పోషించిన పనివారి శ్రమకది ఫలము. 2014లో కోనాపట్టణమున సీళ్లకు ప్రత్యేకముగ నొక వైద్యశాలయే వెలసినది. ఇంతటి కష్టమునకోర్చి రక్షించిన జాతికి ఇప్పుడు రోగరూపమున మరియొక యాపద వచ్చి పడుటయే మా విచారము.

ఇందలి మర్మమును చదువరులు గ్రహింపవలెను. సీళ్లలో సుమారు 1,200 వాయవ్యదిశనున్న నిర్జన ద్వీపములలోను, సుమారు 400 జనులు నివసించు ప్రధానద్వీపములలోను గలవు. నిర్జన ద్వీపములలో ననేకము ఇసుకదిబ్బలు. సముద్రమట్టము పెరిగిన కొలది అవి క్రుంగిపోవుచున్నవి. 2018 అక్టోబరులో వచ్చిన తుపానులో, సీళ్లు పిల్లలను గను ఈస్టు ద్వీపమను దిబ్బ దాదాపు పూర్తిగ కొట్టుకొనిపోయినది. కావున ఈ జాతికి మున్ముందు ఎత్తయిన నేల గల ప్రధానద్వీపములే శరణ్యము. కాని ఆ ద్వీపములలో పదునాలుగు లక్షల జనమున్నది. వారి యిండ్లు, వారి మురుగుకాలువలు, వారి పెంపుడు జంతువులును ఉన్నవి. నీటమునుగు ఇల్లు విడిచి మనుష్యుని చెంతకు వచ్చిన యతిథికి మనుష్యుని పెరటిలోనుండి బయలుదేరిన రోగము ఎదురుగ వచ్చుచున్నది.

ఆ రోగమును తెచ్చునది పిల్లి. టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి పిల్లిజాతి జంతువుల ప్రేగులలో దప్ప మరెచ్చటను తన సంతానచక్రమును పూర్తిచేసికొనజాలదు. పిల్లి ఎలుకనో పిట్టనో తిని ఈ జీవిని కడుపున జేర్చుకొనును. తరువాత ఒకటి రెండు వారములు తన మలముతో లక్షలకొలది కోశములను నేలపై వదలును. చూచుటకా పిల్లి ఆరోగ్యముగనే యుండును. ఆ కోశములు గట్టిపెంకు గలవి. తడినేలలో ఏడాదికి పైగ బ్రతికియుండగలవు. త్రాగునీటిని శుద్ధిచేయు క్లోరినునకైనను లొంగవు. వాన కురిసినప్పుడు అవి మట్టితో గలిసి కాలువలకును, కాలువలనుండి తీరజలములకును జేరును. నీటిద్వారముననో ఆహారద్వారముననో సీలు కడుపున బడును. అట్లు బడినవి మెదడు, గుండె, కాలేయము, ఊపిరితిత్తులు, కండరములు వీనిలో వ్యాపించును. జబ్బుపడిన సీలు మనుష్యుల కంటబడు నాటికి రోగము ముదిరియుండును. అప్పటి చికిత్స ఫలించుట మిక్కిలి యరుదు.

హవాయిలో స్వదేశీయమైన పిల్లి లేదు. ఆ ద్వీపములకు సహజమైన నేలజంతువులలో పాలిచ్చునది గబ్బిలమొక్కటే. పద్దెనిమిదవ శతాబ్దాంతమున పాశ్చాత్యుల నావలు వచ్చిన తరువాతనే పిల్లులును వచ్చినవి. ఓడలలో ఎలుకలను బట్టుటకు తెచ్చిన పిల్లులు ఒడ్డునకు దిగినవి, అడవిపాలైనవి, కొండలలోను తోటలలోను తీరములలోను వృద్ధిపొందినవి. వేలకొలది సంవత్సరములు పిల్లి యననేమో యెరుగని సముద్రములో పెరిగిన సీళ్లకు ఈ రోగము పూర్తిగ క్రొత్తది. 2001 మొదలు 2015 వరకు చచ్చిన సీళ్లను పరీక్షించిన వైద్యులు వానిలో ఎనిమిదింటి మరణమునకు టాక్సోప్లాస్మాయే కారణమని నిర్ణయించిరి. ఆ తరువాతను మరణములాగలేదు. 2018 మే నెలలో ఒఆహు ద్వీపమున కొలదిదినములలోనే మూడు సీళ్లు ఈ రోగమువలన చచ్చినవి. మరియొక విశేషము: ఈ రోగమునకు బలియగువానిలో ఆడుసీళ్లే హెచ్చు. ఆడుసీలు చచ్చిన చచ్చునది యొక్క సీలు గాదు. అది కనబోవు సంతానమంతయు దానితో పోవుచున్నది.

ఎనిమిదియు పదియునా! ఇంతమాత్రమునకే ఇంత కలవరమేల యని కొందరందురు. గాలమునకు జిక్కియు, వలలో జిక్కియు, దుర్మార్గుల తుపాకిగుండ్లకును సీళ్లు చచ్చుచున్నవి గదా యని మరికొందరందురు. నిజమే, అవియును ఘోరములే, వానినిగూడ నాపవలసినదే. కాని మనకు దొరకిన కళేబరములే లెక్కకు వచ్చినవి. సముద్రములో మునిగిపోయినవానిని లెక్కించినవారెవరు? నాలుగువందల ప్రాణులున్నచోట ఏటేట ఒకటి రెండు ఈనదగిన ఆడుసీళ్లు పోయినచో, పదియేండ్లలో దాని ఫలమెట్లుండునో సామాన్యగణితమెరిగిన బాలుడు చెప్పగలడు. మరియు గాలమును తీయవచ్చును, వలను కోయవచ్చును. ఈ రోగము పట్టిన సీలునకు చేయదగినది దాదాపు ఏమియు లేదు.

ఇక అసలు వివాదమునకు వత్తము. హవాయి పట్టణములలోను తీరోద్యానములలోను ఇల్లులేని పిల్లులకు నిత్యము ఆహారము పెట్టు సహృదయులు పలువురు గలరు. వారు వానిని బట్టి, సంతానము గలుగకుండ శస్త్రచికిత్స చేయించి, మరల అచ్చటనే విడిచిపెట్టుదురు. వారిని దుష్టులని నిందించువారితో మేమేకీభవింపము. ఆకలిగొన్న ప్రాణికి పిడికెడన్నము పెట్టుట పాపమని చెప్పుటకు ఈ దేశమున బుట్టిన మాకు నోరెట్లు వచ్చును? కాని దయకు కన్నులుండవలెను. కంటియెదుటనున్న పిల్లిమీద జాలిపడు మనస్సు, కంటికి కనబడని సీలుమీద జాలిపడకుండుట దయలోని లోపమే కాని దయ గాదు. శస్త్రచికిత్స జరిగిన పిల్లికి పిల్లలు పుట్టకపోవచ్చును. దాని మలములోని కోశములు మాత్రము ఆగవు. ఒకచోట నిత్యము ఆహారము పెట్టిన అచ్చటికి క్రొత్తపిల్లులు చేరును. ఇంట నక్కరలేని పిల్లులను తెచ్చి వదలువారికి ఆ స్థలమొక యాశ్రయముగ దోచును. వాగు సముద్రమున గలియుచోట, సీళ్లు పండుకొను ఇసుకకు కూతవేటు దూరములో ఇట్టి సదావర్తి పెట్టుట అపాత్రదానమని చెప్పుటకు మేము సంకోచింపము. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటమని మనవారి సామెత. ఇచ్చట పిల్లి చెలగాటమైనను ఆడుట లేదు. అది తన బ్రతుకు తాను బ్రతుకుచున్నది. ప్రాణసంకటము మాత్రము సీలునకు దప్పలేదు. నేరము పిల్లిది గాదు. దానిని తెచ్చి, పెంచి, విడిచిన మనుష్యునిది.

పిల్లులకును ప్రాణములు లేవా యని యడుగువారికి మా సమాధానమిది. ఉన్నవి. ఆరుబయట తిరుగు పిల్లి బ్రతుకు సుఖమైనదని యనుకొనుటయే భ్రమ. బండిచక్రములక్రింద నలిగియు, కుక్కలపాలయ్యు, రోగములతోడను అది నశించును. పిల్లిని ప్రేమించువాడు దానిని తన యింటిలో నుంచుకొనవలెను. పెంపుడుపిల్లిని ఇంటిగడప దాటనీయకుండుట, దానికి గుర్తువేయించి యజమానుని పేరు వ్రాయించుట, వదలివేయువారిని శిక్షించుట, తీరములందును కాలువలయొద్దను ఆహారము పెట్టుట మాన్పించుట, ప్రభుత్వధనముతో ఆశ్రయశాలలు కట్టించి దిక్కులేనివానిని జేర్చుట, ఇవి వెంటనే జరుగవలసిన పనులు. అప్పటికిని చోటు దొరకని పిల్లుల మాటయేమి? ఈ ప్రశ్నకు జడిసి మాట దాటవేయు నాయకులను మేము మెచ్చజాలము. వానికి బాధలేని మరణము నిచ్చుట దప్ప వేరు దారి లేనిచోట ఆ పనికిని సిద్ధపడవలెను. ఇది వ్రాయుటకు మాకు కష్టముగనే యున్నది. కాని ఒకవంక లోకమంతట కోట్లకొలదిగ నున్న జాతియు, ఒకవంక 1,600గ మిగిలిన జాతియు నున్నప్పుడు తక్కెడ ఎటు మొగ్గవలెనో చెప్పుటకు వెనుదీయుట పత్రికాధర్మము గాదు.

ఇందులో సీళ్ల మేలొక్కటియే గాదు. ఈ సూక్ష్మజీవి మనుష్యునకును అంటును. గర్భిణీస్త్రీలకు సోకిన కడుపులోని బిడ్డకు హాని గలుగవచ్చును గనుక వారిని పిల్లిమలమును తాకవలదని వైద్యులు హెచ్చరింతురు. హవాయికి గర్వకారణమైన నేనే బాతును, అడవినుండి మాయమైన ఆలలా కాకిని గూడ ఈ రోగము చంపినది. సీలు మనకు కనబడు గుర్తు మాత్రమే. ఒక తీరములో సీలు చచ్చినదనగా ఆ తీరపునీటిలో ఏమున్నదో ప్రకృతి మనకు చాటింపు వేయుచున్నదన్నమాట.

రెండవ భయము మరియొకటి గలదు. మన బిడ్డలకు వచ్చు తట్టు, కుక్కలకు వచ్చు డిస్టెంపరు, పశువులను ఊళ్లకూళ్లుగ తుడిచిపెట్టిన రిండర్‌పెస్టు అను పెద్దరోగము, ఇవన్నియు ఒక్క కుటుంబమునకు జెందిన వైరసులవలన గలుగునవి. ఆ కుటుంబపు వైరసులే సీళ్లను బట్టినప్పుడేమైనదో చూడుడు. 1988లో ఐరోపా ఉత్తరసముద్రతీరములలో సుమారు 18,000 సీళ్లు చచ్చినవి. 2002లో మరల అట్టి మారియే వచ్చి ఇరువదివేలకు పైగ బలిగొన్నది. 1987–88లో సైబీరియాలోని బైకాలు సరస్సులోను, 2000లో కాస్పియను సముద్రములోను సీళ్లు వేలకొలదిగ నశించుటకు కుక్కల డిస్టెంపరే కారణమని తేలినది. వేలున్నచోట వేలు పోయిన మిగిలినవి తిరిగి పెరుగును. 1,600 ఉన్నచోట అట్టి మారి వచ్చిన మిగులునవెన్ని? అదియుగాక హవాయి సీళ్లలో రక్తభేదము మిక్కిలి తక్కువ. అన్నియు నొక్కతల్లి బిడ్డలవలె నున్నవి గనుక ఒకదానిని గూల్చిన రోగము అన్నింటిని గూల్చగలదను భయము శాస్త్రజ్ఞులకు గలదు. 2010లో మావి ద్వీపపుటొడ్డునకు గొట్టుకొనివచ్చిన యొక తిమింగిలములో ఇట్టి వైరసే కనబడినది. శత్రువు గుమ్మమువరకు వచ్చియున్నాడన్నమాట.

ఇచ్చట మాత్రము అమెరికా ప్రభుత్వోద్యోగులు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనువారి వలె వర్తింపలేదని సంతోషముతో జెప్పవలసియున్నది. 2016 మొదలుకొని వారు ఇసుకపై పండుకొన్న సీళ్లకు పొడవైన కర్రకు కట్టిన సూదితో టీకాలు వేయుచున్నారు. కొన్ని వారముల యెడమున రెండుమారులు. సముద్రజంతువులలో అడవిజాతి నొకదానిని మారి రాకముందే టీకాలతో రక్షింపజూచుట లోకమున ఇదియే ప్రథమము. సీలు వెంటబడి సూది వేయుటయాయని నవ్వువారుండవచ్చును. పశువుకు టీకా యనగానే నవ్వినవారు మనదేశమునను నుండిరి. 1920ల దశకమున ముక్తేశ్వరమునందలి పరిశోధనాలయములో మేకలద్వారమున తయారైన టీకా పెద్దరోగమును అణచుటకు దారిచూపినది. 2011లో ఆ రోగము భూలోకమునుండియే తొలగినదని సర్వదేశములును ప్రకటించినవి. ఈనాటి మన రైతుబిడ్డలలో పలువురకు దాని పేరైనను దెలియదు. ముందుచూపుతో వేసిన సూది ఎంత పనిచేయగలదో దీనివలన దెలియును.

కాని టాక్సోప్లాస్మాకు అట్టి సూది లేదు. సీళ్లకు వేయదగిన టీకా లేదు. పిల్లులకు వేయదగినదియు బజారులో దొరకదు. అట్టి టీకాకై పరిశోధన సాగవలసినదే. అది వచ్చువరకు మిగిలిన మందొక్కటే: పిల్లి మలము సముద్రమున జేరకుండ జూచుట. ఎలుకలన్నియు సభ చేసి పిల్లి మెడలో గంట కట్టవలెనని తీర్మానించిన కథ మనకందరకు దెలియును. తీర్మానము ఏకగ్రీవము; కట్టుటకు మాత్రమెవరును లేరు. హవాయిలో నేడున్న స్థితి ఇదియే. శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు, అధికారులు తలలూపుచున్నారు, పిల్లులను ప్రేమించువారి యాగ్రహమునకు వెరచి రాజకీయవాదులు వాయిదాలు వేయుచున్నారు. ఇట్టి జాగునకు మూల్యము చెల్లించునది ఓటుహక్కు లేని సీలు.

ఈ యాపద హవాయికి మాత్రమే పరిమితము గాదు. కాలిఫోర్నియా తీరమున సుమారు మూడువేలుగ మిగిలిన సముద్రపు నీటికుక్కలను ఇదే రోగము చంపుచున్నది. మంచినీటి ప్రవాహము సముద్రమున గలియుచోట్ల నివసించువానికి ఈ రోగము సోకుట మూడింతలు హెచ్చని 2002లో శాస్త్రజ్ఞులు చూపిరి. దానిపై 2006లో ఆ రాష్ట్రము, పిల్లులకొరకు అమ్ము మట్టిసంచులపై మలమును మరుగుదొడ్లలోను కాలువలలోను వేయవలదను హెచ్చరిక ముద్రింపవలెనని చట్టము చేసినది. న్యూజీలాండులో ఏబదికి కొంచెము మించి మిగిలిన మావి డాల్ఫినులలోను ఈ రోగము కనబడినది. 2023లో అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పమున పక్షులకు వచ్చు ఫ్లూ జ్వరము ఏనుగుసీళ్లను బట్టి 17,000లకు పైగ పిల్లలను బలిగొన్నది. మనుష్యుని ఊళ్లు, మనుష్యుని పశువులు, మనుష్యుని కోళ్లు పెరిగిన కొలది అడవికిని సముద్రమునకును మన రోగములు గూడ ప్రయాణమగుచున్నవి. నాటి ఓడలు మశూచిని మోసికొనిపోయి ద్వీపవాసులను నిర్మూలించినట్లే, నేటి మురుగుకాలువలు వన్యప్రాణులకు మృత్యువును మోయుచున్నవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఇది మనకెందులకు? 2018లో గుజరాతులోని గిరి యడవిలో కొలది వారములలోనే ఇరువదికి పైగ సింహములు చచ్చినవి. ఆసియాసింహములు అడవిలో నివసించునది లోకమంతట ఆ ప్రాంతముననే. పరీక్షింపగా వానిలో దొరకినది కుక్కల డిస్టెంపరు వైరసే. అప్పుడు మనవారును విదేశమునుండి టీకాలు దెప్పించి సింహములకు వేయవలసివచ్చెను. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సింహములలో మూడవవంతు అదే రోగమువలన పోయిన సంగతి తెలిసియు, మనము అంతవరకు మేలుకొనలేదు. అడవియంచు గ్రామములలో యజమానుడు లేని కుక్కలు ఎన్ని యున్నవో, వానిలో టీకా పడినవి ఎన్నియో మన జిల్లా యధికారులెవరైనను లెక్క చెప్పగలరా? నల్లమలలోని పులులకు సరిహద్దుగ్రామముల కుక్కలు పొరుగువారు గావా? తమిళదేశపు పాక్ సముద్రశాఖలో కొలదిగ మిగిలిన సముద్రపుటావులకై 2022లో ఒక రక్షితస్థలమును ఏర్పరచిరి. ఆ సముద్రమునకు జేరు పట్టణముల మురుగును శుద్ధిచేయనిదే హద్దురాళ్లు పాతిన మాత్రమున అవి బ్రతుకునా? వీథికుక్కకు రొట్టెముక్క వేసి పుణ్యము వచ్చినదనుకొను మనము, దానికి టీకా వేయించుట ఎవరి పనియో యెన్నడైన విచారించితిమా? హవాయి కథ ఆ ద్వీపములదే యైనను, అందలి తప్పు మనయింటి తప్పే.

కావున మా యభిప్రాయము స్పష్టముగ జెప్పుచున్నాము. రక్షణ యనగా వేటను నిషేధించి కంచె వేయుట మాత్రమే గాదు. కంచెకీవలనున్న మన యిల్లు, మన కాలువ, మన పెంపుడు ప్రాణి శుభ్రముగను ఆరోగ్యముగను ఉండవలెను. హవాయి ప్రజలు తమ పిల్లులను ఇంటికి దెచ్చుకొనవలెను. వారి ప్రభుత్వము ఓట్లను లెక్కించుట మాని సీళ్లను లెక్కింపవలెను. మన పురపాలకసంఘములును పంచాయతులును వన్యప్రాణులకు పొరుగుననున్న ప్రతియూర కుక్కలకు టీకాలు వేయించుటను రోడ్లు వేయించుటవలె తమ నిత్యకృత్యముగ నెంచవలెను. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు పెద్దలు తమ తమ సంఘములలో ఈ ప్రశ్న లేవదీయుదురని మా నమ్మకము.

ఎలుకలసభలో గంట కట్టువారు లేకపోయిరి, ఏలన పిల్లి ఎలుకకంటె బలమైనది. మనుష్యులసభకు ఆ సాకు లేదు. పిల్లి మన యింటిది. గంట మన చేతిలోనిది. కట్టకుండుట మన చేతగానితనమే యగును గాని మరియొకటి గాదు.